లంకాసాగర్ మీద ఒక తెరచాప

తెలంగాణ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి, ఖమ్మం జిల్లా పెనుబల్లి నుంచి బహిరంగ లేఖ



ముక్కోటి ఏకాదశికి ముందు రోజు సాయంత్రం భద్రాచలంలో గోదావరి ఒడ్డు మీద నిలబడేందుకు చోటు దొరకదు. సీతమ్మను, రామయ్యను హంస ఆకారంలో అలంకరించిన తెప్ప ఎక్కించి నదిలో తిప్పుతారు. దీపాల వెలుగు నీళ్ల మీద పడి కదులుతుంటే ఒడ్డున ఉన్నవాళ్లు చేతులెత్తి మొక్కుతారు. ఇల్లు వదిలి నీళ్ల మీదికి వెళ్లిన దంపతులు అంటే ఈ అడవి అంచు ఊళ్లలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఆ ఇద్దరే. అయోధ్య వదిలాక గుహుడి నావలో వాళ్లు గంగ దాటారు. నావ నడి ఏటికి చేరగానే సీత చేతులు జోడించి, క్షేమంగా తిరిగొస్తే మొక్కు చెల్లిస్తానని గంగమ్మతో చెప్పుకుందని వాల్మీకి రాశాడు. పద్నాలుగేళ్ల ప్రయాణం ఇంకా మొదలు కూడా కాలేదు. అప్పుడే ఆ ఇల్లాలి మనసు తిరుగు ప్రయాణం మీద ఉంది.

సముద్రయానానికి బయలుదేరే ఏ ఇద్దరి మనసైనా అక్కడే ఉంటుంది. ఈ ఉత్తరం అలాంటి జంటల గురించి. వాళ్లకూ పెనుబల్లికీ ఏం సంబంధమంటే, ఆ సంబంధం కలపమని అడగడానికే ఈ ఉత్తరం.

2024 అక్టోబర్ 2న గోవాలోని ఐఎన్ఎస్ మాండోవి రేవు నుంచి ఇద్దరు నేవీ అధికారిణులు భూమిని చుట్టి రావడానికి ఒక తెరచాప పడవలో బయలుదేరారు. ఒకరు లెఫ్టినెంట్ కమాండర్ దిల్నా, కేరళలోని కోళికోడ్ అమ్మాయి. ఇంకొకరు లెఫ్టినెంట్ కమాండర్ రూప, పుదుచ్చేరి అమ్మాయి. పడవ పేరు తరిణి. పొడవు 56 అడుగులు, అంటే రెండు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత కూడా లేదు. అందులో ఉన్నది ఆ ఇద్దరే. తెరచాప ఎత్తడం, దించడం, చుక్కాని పట్టడం, వంట, మరమ్మతు, వాతావరణం చూసుకోవడం, గాయమైతే కట్టు కట్టడం, అన్నీ ఆ నాలుగు చేతులతోనే. ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకుని ఉండాలి. ఎనిమిది నెలల పాటు రాత్రంతా ఒక్కసారిగా పడుకున్న నిద్ర అన్నది సముద్రం మీద వాళ్లకు లేదు.

ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటెల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్. దారిలో ఆగింది ఈ నాలుగు రేవుల్లో. 2025 జనవరి 30న పసిఫిక్‌లో పాయింట్ నీమో అనే చోటు దాటారు. భూమ్మీద ఏ నేలకైనా అత్యంత దూరంగా ఉన్న నీళ్లు అవి. దగ్గరి ఒడ్డు 2,688 కిలోమీటర్లు. నెత్తి మీద 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతరిక్ష కేంద్రంలోని మనుషులే అక్కడ ఇరుగుపొరుగు. 2025 మే 29న ఆ ఇద్దరూ మళ్లీ గోవా చేరారు. 238 రోజులు, దాదాపు 25,400 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 47 వేల కిలోమీటర్లు.

తరిణి అన్న పేరు ఒడిశాలోని గంజాం జిల్లా తారాతారిణి అమ్మవారిది. పాత కాలంలో ఓడ వర్తకులు ఆ తల్లికి మొక్కుకుని బయలుదేరేవారు. తెలుగువాళ్లకు ఆ మాట పరాయిది కాదు. తరి అంటే పడవ, తరించడం అంటే దాటడం. మన భజనల్లో రోజూ వినిపించే మాటకు మూలం ఏరు దాటడమే.

ఈ పడవే అంతకు ముందు ఒకసారి భూమిని చుట్టి వచ్చింది. అప్పుడు అందులో ఆరుగురు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో 199 రోజులు నీళ్ల మీదే. కెప్టెన్ ఉత్తరాఖండ్‌కు చెందిన వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య.

మంత్రి గారూ, ఆ రెండో పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. విశాఖ పిల్లకు కిటికీ తెరిస్తే సముద్రం. హైదరాబాద్ పిల్లకు? తెలంగాణకు జానెడు సముద్ర తీరం కూడా లేదు. అయినా ఇక్కడి ఆడపిల్ల దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి వచ్చింది. ఆ చోటు నావికులకు వణుకు పుట్టించే చోటు. చలి, ఎదురుగాలి, ఇంటి కప్పు దాటే అలలు, వీటి మధ్య ఎన్నో ఓడలు అక్కడ మునిగాయి. 2018 జనవరిలో తరిణి దాన్ని దాటింది. తిరుగు దారిలో చుక్కాని వ్యవస్థ దెబ్బతింటే అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది.

మారిషస్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి తెరచాప ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల వారసులు ఇవాళ కూడా ఆ దేశంలో ఉగాది జరుపుకుంటారు. అక్కడ ఉగాది సెలవు దినం. ఆ ఓడల్లో భార్యాభర్తలూ ఉన్నారు. ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి, ఎంత దూరమో తెలియకుండా ఎక్కినవాళ్లు. చాలామంది తిరిగి రాలేదు. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. రేవు పేరే జాతి పేరైపోయింది. తెలుగు దంపతుల సుదీర్ఘ సముద్రయానాల చరిత్ర రాయాలంటే మొదటి అధ్యాయం వాళ్లదే. అది సరదా ప్రయాణం కాదు. అయినా వాళ్లను వదిలేసి ఈ విషయం మాట్లాడటం తప్పు.

తెలంగాణకు సముద్రంతో పని లేదనే మాట కూడా చరిత్రకు నిలవదు. ఓరుగల్లు కోటలో కూర్చుని గణపతిదేవుడు ఎక్కడో తూర్పు తీరాన ఉన్న మోటుపల్లిలో 1244 ప్రాంతంలో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకు రాజుకు చెందుతుందనేది ఆనాటి రివాజు. గణపతిదేవుడు ఆ రివాజు ఎత్తేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల సొత్తు వాళ్లకే ఉండాలని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని రాతి మీద రాయించాడు. పాఖాల, రామప్ప చెరువులు తవ్వించిన కాలం అదే. చెరువుల రాజ్యానికి ఓడల మీద అంత గౌరవం ఉంది. ఓడ నడిపేవాడి భయం ఏమిటో తెలిసినవాడు మాత్రమే రాయించగల శాసనం అది.

ఇక అసలు దంపతుల సంగతి.

1952లో ఇంగ్లండ్ నుంచి ఎరిక్ హిస్కాక్, సూజన్ హిస్కాక్ అనే భార్యాభర్తలు 30 అడుగుల పడవలో బయలుదేరారు. పడవ పేరు వాండరర్ త్రీ. ఎరిక్‌కు చిన్నప్పటి నుంచీ చూపు చాలా తక్కువ. ఇద్దరూ మూడేళ్లలో భూమిని చుట్టి 1955లో ఇంటికి వచ్చారు. ఆయన రాసిన పుస్తకాలు చదివి ఆ తర్వాతి తరంలో ఎన్నో జంటలు సముద్రంలోకి దిగాయి. వాళ్లలో లిన్ పార్డీ, లారీ పార్డీ దంపతులు మరీ మొండివాళ్లు. సొంత చేతులతో చెక్కతో పడవ కట్టుకున్నారు. 1968లో నీళ్లలోకి దించిన ఆ పడవ సెరాఫిన్ పొడవు 24 అడుగుల చిల్లర. అందులో ఇంజిన్ లేదు. గాలి ఉంటే నడక, లేకపోతే ఎదురుచూపు. పదకొండేళ్ల పాటు అందులోనే ప్రపంచం తిరిగారు.

అన్నిటికన్నా మనసును పట్టి లాగేది మారిస్ బెయిలీ, మారలిన్ బెయిలీల కథ. ఇంగ్లండ్‌లోని డెర్బీలో మామూలు ఉద్యోగాలు చేసుకునే దంపతులు. ఆ ఊరికి కూడా సముద్రం లేదు. ఉన్న ఇల్లు అమ్మేసి ఆ డబ్బుతో పడవ కొనుక్కుని, 1972లో న్యూజిలాండ్ వైపు బయలుదేరారు. పనామా దాటి పసిఫిక్‌లోకి వచ్చాక 1973 మార్చి 4 తెల్లవారుజామున గాయపడిన తిమింగలం ఒకటి పడవను ఢీకొట్టింది. గంట లోపే పడవ మునిగింది. చేతికి దొరికింది తీసుకుని గాలి నింపిన రబ్బరు తెప్పలోకి, దానికి కట్టిన చిన్న పడవలోకి మారారు.

117 రోజులు అందులోనే ఉన్నారు. తెచ్చుకున్న డబ్బాల తిండి అయిపోయింది. మారలిన్ సేఫ్టీ పిన్నులు వంచి గాలాలు చేసింది. పచ్చి చేపలు, తాబేళ్లు, తెప్ప మీద వాలిన పక్షులు తిని, వాన నీళ్లు పట్టుకుని తాగి బతికారు. కనుచూపు మేరలో ఏడు ఓడలు వెళ్లిపోయాయి, ఒక్కటీ వీళ్లను చూడలేదు. ఒంటి మీద పుళ్లు. మారిస్ మానసికంగా కుంగిపోయాడు. మారలిన్ మాత్రం కాగితం ముక్కలతో పేకముక్కలు చేసి భర్తతో ఆడించింది. బతికి బయటపడితే కట్టుకోబోయే కొత్త పడవ బొమ్మలు గీసింది, అందులో ఏ గది ఎక్కడ ఉండాలో చర్చ పెట్టింది. 1973 జూన్ 30న ఒక కొరియా చేపల ఓడ వాళ్లను చూసి పైకి లాగింది. ఇద్దరికీ నిలబడే శక్తి లేదు. ఆ తర్వాత నిజంగానే మరో పడవ కట్టుకుని మళ్లీ సముద్రంలోకి వెళ్లారు. తాను బతికింది ఆమె వల్లేనని మారిస్ జీవితాంతం చెప్పుకున్నాడు.

ఆ మారలిన్‌కు ఈత రాదు.

ఆమె ధైర్యం గొప్పది, సందేహం లేదు. కానీ ఈత రాకుండా పసిఫిక్‌లోకి వెళ్లడాన్ని మెచ్చుకోకూడదు. మన పిల్లల్లో అలాంటి ధైర్యం ఇప్పటికే కావలసినంత ఉంది. ఎండాకాలం సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో, క్వారీ గుంతల్లో దిగే పిల్లలకు లేనిది ఈత. ఏటా ఆ వార్తలు జిల్లా పేజీల్లో చదవని వేసవి లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. బడి పిల్లలకు ఈత నేర్పాలని ఆ సంస్థలు అన్ని దేశాలనూ అడుగుతున్నాయి.

గోదావరి ఒడ్డు జిల్లాలకు ఈ భయం మరీ దగ్గర. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు వరద నీటిలో తలకిందులైంది. ఎక్కినవాళ్లలో సగానికి పైగా తిరిగి రాలేదు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి ఒకే గుంపుగా వెళ్లినవాళ్ల ఇళ్లు ఎన్నో చీకటయ్యాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లతో, కొక్కేలతో ప్రయత్నించి అక్టోబర్ 22న ఆ బోటును బయటకు లాగింది. అన్ని రోజులూ ఈ ప్రాంతమంతా టీవీల ముందే ఉంది. ఆ తర్వాత చాలా ఇళ్లలో పిల్లలకు చెప్పింది ఒకటే మాట: నీళ్ల జోలికి పోవద్దు.

ఆ తల్లిదండ్రులది తప్పు కాదు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. కళ్ల ముందు అంత నీళ్లు చూసినవాళ్లు భయపడక ఏం చేస్తారు? కానీ నీళ్లు మన జిల్లాను వదిలి ఎక్కడికీ పోవు. పాలేరు ఉంది, వైరా ఉంది, అవతల కిన్నెరసాని ఉంది. పెనుబల్లి మండలంలోనే అడవిమల్లెల దగ్గర కట్టలేరు మీద లంకాసాగర్ ఉంది. నీలాద్రి గుట్టల అడవి పక్కన, నీలాద్రీశ్వరుడి జాతరకు వచ్చే జనానికి తెలిసిన నీళ్లు అవి. పొలాలకు పారే నీళ్లు, మత్స్యకారులకు చేపలిచ్చే నీళ్లు. బడి పిల్లలకు మాత్రం కట్ట మీద నిలబడి చూసే నీళ్లు.

నీళ్ల మీద ఆలుమగల జంట పని ఎలా ఉంటుందో చూడాలంటే పసిఫిక్ దాకా పోనక్కరలేదు. నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ ఉంది. విశాఖ వైపు నుంచి సొంతూరు వదిలి వచ్చిన జాలరి కుటుంబాల వల్లే దానికి ఆ పేరు. సాగర్‌లో, శ్రీశైలంలో పుట్టి ఎక్కిన జంటను చూడండి. ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు వల వదులుతారు. పుట్టి గుండ్రంగా ఉంటుంది, తెడ్డు కాస్త అటూ ఇటూ అయితే నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతుంది. ఒకరి బరువు కదిలితే రెండోవారు తమ బరువు సర్దుకోవాలి. మాట కూడా అవసరం ఉండదు. తరిణిలో దిల్నా, రూప మూడేళ్లు సాధన చేసి, ప్రపంచయాత్రకు ముందే 38 వేల నాటికల్ మైళ్లు తిరిగి నేర్చుకున్నది కూడా ఆ సర్దుబాటే. మనవాళ్లు దాన్ని బువ్వ కోసం నేర్చుకున్నారు. ఎవరూ వాళ్లకు పతకం వేయలేదు.

పతకాల సంగతికి వస్తే, తెరచాప పందాల్లో 470 అనే పడవ ఉంది. పొడవు 470 సెంటీమీటర్లు కాబట్టి ఆ పేరు. 2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి అందులో ఒక మగవాడు, ఒక ఆడమనిషి జంటగా పోటీ చేస్తున్నారు. ఒకరు చుక్కాని, పెద్ద తెరచాప చూసుకుంటే ఇంకొకరు ముందు తెరచాప పట్టుకుని, పడవ ఒరిగినప్పుడు ఒళ్లంతా నీళ్ల మీదికి వాల్చి బరువు నిలుపుతారు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున ఈ పడవ నడిపిన జంటలో తెలంగాణ అమ్మాయి కొంగర ప్రీతి ఉంది. ఆమె పడవ నడకలో పెరిగింది హుస్సేన్‌సాగర్‌లో. 2009లో సుహేమ్ షేక్ అక్కడ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, పేద ఇళ్ల పిల్లలను పడవ ఎక్కించి జాతీయ పోటీల దాకా తీసుకెళ్లింది. ఒక్క చెరువు, కొన్ని చిన్న పడవలు, ఓపిక ఉన్న కోచ్. హుస్సేన్‌సాగర్‌లో జరిగింది లంకాసాగర్‌లో ఎందుకు జరగదు?

ఇది గాలిలో మేడ అని ఎవరైనా అంటే, వాళ్లకు 2014 మే 25 గుర్తు చేయాలి. ఆ రోజు తెలంగాణ ప్రాంతపు గురుకుల పిల్లలు ఇద్దరు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్. చర్ల అంటే ఇదే గోదావరి లోయ, ఇదే అడవి. మంచు అంటే సినిమాలో చూసిన పిల్లలు వాళ్లు. సాధన మొదలైంది భువనగిరి గుట్ట మీద. ఆ రాతిగుట్టను ఎవరెస్ట్‌కు మొదటి మెట్టుగా చూసిన అధికారులు, శిక్షకులు అప్పుడు ఉన్నారు. నీళ్లను అలా చూసేవాళ్లు ఇప్పుడు కావాలి.

పిల్లల తెరచాప పడవ ఖరీదైన వింత వస్తువేమీ కాదు. ప్రపంచమంతా పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ అనే పడవను 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన తయారుచేశాడు. ప్లైవుడ్ పలకలతో, ఇంటి దగ్గర ఎవరైనా చేసుకునేలా. పొడవు 2.3 మీటర్లు, పడవ దేహం బరువు 35 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాక్టర్ ట్రాలీలో పెట్టేయొచ్చు. ఒక తెరచాప, ఒక చుక్కాని. పెనుబల్లి వడ్రంగి చేతికి అందని పనితనం అందులో లేదు.

గాలి చదవడం కూడా ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. కల్లంలో తాతలు తూర్పారబట్టేటప్పుడు గాలి ఎటు నుంచి వీస్తుందో, ఎప్పుడు జోరందుకుంటుందో చూసి చేట ఎత్తేవారు. గింజ ఒక పక్క, పొట్టు ఒక పక్క పడేది. తెరచాప విద్యలో మొదటి పాఠం అదే. పడవ నేరుగా ఎదురుగాలిలోకి పోలేదు. కుడికి కొంత, ఎడమకు కొంత వాలుగా మళ్లుతూ పోవాలి. మిషన్లు వచ్చాక కల్లంలో ఆ చదువు ఆగిపోయింది. పిల్లలకు మళ్లీ గాలితో పని కల్పించే ఆట ఇది.

కాబట్టి మంత్రి గారూ, పెనుబల్లి అడిగేది ఇదీ.

మొదట ఈత. మండలంలోని ఉన్నత పాఠశాలల్లో, గురుకులాల్లో చదివే ప్రతి పిల్లకూ పిల్లాడికీ పదో తరగతి దాటేలోపు ఈత వచ్చి ఉండాలి. దానికి లంకాసాగర్ లోతు నీళ్లు అక్కరలేదు. నడుము లోతు తొట్టి చాలు, ఊడదీసి వేరే చోట బిగించే తొట్టెలు ఉన్నాయి. ఆడపిల్లలకు నేర్పడానికి ఆడ శిక్షకురాలు ఉండాలి. ఈత రాని పిల్లను పడవ ఎక్కించకూడదు. మారలిన్ విషయంలో సముద్రం చూపిన దయ అందరి మీదా చూపదు.

తర్వాత మత్స్యకారులు. లంకాసాగర్ మీద మొదటి హక్కు పొలాలకు నీళ్లు తీసుకునే రైతుది, చేపలు పట్టుకునే కుటుంబాలది. వాళ్లతో కూర్చుని మాట్లాడకుండా ఒక్క పడవ కూడా దించకూడదు. వలలు ఎక్కడ వేస్తారు, ఏ వైపు మోళ్లు ఉన్నాయి, తూము దగ్గర లాగుడు ఎంత, గాలివాన ఏ మూల నుంచి వస్తుంది, ఈ చెరువు పటం వాళ్ల తలల్లో ఉంది. పిల్లలు నీళ్ల మీద ఉన్నంతసేపు పక్కన పుట్టి వేసుకుని కాపలా ఉండే పని వాళ్లకే ఇచ్చి, దానికి జీతం ఇవ్వాలి. పేరుకు గౌరవ సేవ అనకూడదు.

మూడోది కాలం. జలాశయం నిండేది వానాకాలం చివర్లో. దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా నీళ్లుంటాయి, ఎండలు ఉండవు. ఆ మూడు నెలలు చాలు ఒక జట్టును తయారుచేయడానికి. హైదరాబాద్ క్లబ్‌లో పోటీ చేసి పెద్దవాళ్లైన పిల్లలే ఇక్కడికి కోచ్‌లుగా వస్తే ఇంకా మంచిది. వాళ్ల భాష, వీళ్ల భాష ఒకటే. వాళ్ల ఇళ్లు, వీళ్ల ఇళ్లు కూడా చాలా వరకు ఒకలాంటివే.

నీళ్లలోకి దిగే ప్రతి పిల్లకూ సైజుకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి. అది కట్టుకోకుండా ఒడ్డు మీది రెండో మెట్టు దాటనివ్వకూడదు. కచ్చులూరు తర్వాత ఈ మాటకు వాదన అక్కరలేదు.

ఈ పిల్లల్లో ఎంతమంది కేప్ హార్న్ చూస్తారని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. ఒక్కరూ చూడకపోవచ్చు. ఈత వచ్చిన పిల్ల కాలువలో పడిన తమ్ముణ్ని బయటకు లాగుతుంది, ఆ ఒక్క సంగతికే పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది. కొందరు నేవీలో, కోస్ట్ గార్డ్‌లో, వ్యాపార ఓడల్లో ఉద్యోగాలకు పోతారు. భద్రాచలం వరదల్లో పడవ వేసుకుని వెళ్లే సహాయక బృందాలకు ఊళ్లోనే మనుషులు దొరుకుతారు. ఇద్దరు ముగ్గురు పోటీలకు పోతారు. ఎప్పుడో ఒక జంట, భార్యాభర్తలో అక్కాచెల్లెళ్లో స్నేహితులో, వి.ఎం. బంజర కూడలిలో బస్సెక్కి విశాఖకో గోవాకో పోయి, అక్కడ పెద్ద పడవ తాడు విప్పుతారు. వాళ్ల అమ్మానాన్నలు భద్రాద్రి రామయ్యకు మొక్కుకుని, ఫోన్ దగ్గర కూర్చుని ఎదురుచూస్తారు. ఐశ్వర్య, స్వాతి ఇళ్లలోనూ 254 రోజులు ఎదురుచూసిన మనుషులున్నారు.

చివరిగా ఒక చిన్న కోరిక. మొదటిసారి పంపే పడవల్లో ఇద్దరు కూర్చునేవి కూడా రెండైనా ఉండేలా చూడండి. ఒంటరి పడవలో పిల్లలు గాలిని నేర్చుకుంటారు. ఇద్దరి పడవలో అవతలి మనిషి ఎటు వాలుతుందో చూసుకోవడం నేర్చుకుంటారు. మీరు ఎప్పుడు వచ్చినా లంకాసాగర్ కట్ట దాకా తీసుకెళ్లడానికి ఊరు సిద్ధంగా ఉంది. దసరాకు ముందు వస్తే నిండు నీళ్లు చూస్తారు.


పెనుబల్లి నుంచి